బల్లగుద్దే చెయ్యి

ఒక తామరపువ్వు మూలాన ఆ శనివారం మధ్యాహ్నం తమ్ముడి పన్ను ఊడింది. నవ్వకండి, నిజంగానే ఊడింది. టూల్ రూములో నూనె మరకల బల్ల మీద, ఆ వారం గళ్ళనుడికట్టు కాగితం మీదే, నెత్తురుతో సహా పడింది.

ఆధారం ఇది: "నడుము విరిగిన తామరతో రాసుకోవచ్చు." రెండక్షరాలు. కమలం నడుమ ఉన్న అక్షరాన్ని పీకేస్తే కలం. ఇంతోటి దాన్ని బావకన్నా రెప్పపాటు ముందు విప్పాడు తమ్ముడు. విప్పినవాడు ఊరుకోక, "బావా, నీ నడుం కూడా విరిగిందిలే, ఇంక లేవకు" అన్నాడు. బావ చేతిలోని స్టీలు గ్లాసు ఎగిరొచ్చి తమ్ముడి మూతి పగలగొట్టింది. తమ్ముడు బల్ల మీంచి దూకి, బావ జుట్టు దొరకబుచ్చుకుని, తలను ఇనుప బీరువాకేసి బాదాడు. డై మేస్త్రీ మధ్యలో దూరి, తనూ రెండు దెబ్బలు తిని, ఇద్దర్నీ విడదీశాడు. ముగ్గురూ రొప్పుతూ కూలబడ్డాక అక్క నోరు విప్పింది.

"అయిందా? తర్వాతి ఆధారం చదవండి. అన్నం గంట అయిపోతోంది."

మేస్త్రీ పన్ను తీసి పక్కన పెట్టి, కాగితం తుడిచి, తర్వాతిది చదివాడు.

అక్క ఆ కార్ఖానాలో చెకింగ్ బల్ల దగ్గర పనిచేస్తుంది. ప్రెస్సుల్లోంచి వచ్చే స్టీలు మూతల అంచుల మీద వేలు పోనిచ్చి, గరుకు తగిలిన వాటిని పక్కకి గిరాటేయడం ఆమె ఉద్యోగం. తమ్ముడు ఆమె తోడబుట్టినవాడు. ఆ బావ ఆమె మొగుడు. ఎంత అరుదైన మాటైనా నాలుక చివరే ఉంటుందని కార్ఖానా అంతా అతన్ని నిఘంటువు అంటారు. బావా బామ్మర్దులిద్దరిదీ ఒకటే ప్రెస్. తమ్ముడు డై మీద రేకు పెట్టి, అచ్చయిన మూత తీస్తాడు. నిఘంటువు పక్కన నిలబడి అరచెయ్యంత పచ్చ బటన్ నొక్కుతాడు. రేకు పెట్టేవాడు కూడా తన చేతులతో ఇంకో బటన్ నొక్కితేనే ప్రెస్ దిగాలని యంత్రం చేసినవాడి ఉద్దేశం. పని నెమ్మదిస్తోందని యజమాని ఆ రెండో బటన్‌ని తీగతో బిగించేయించాడు. ఇక డై మేస్త్రీ అంటే అచ్చులు చెక్కే పెద్దమనిషి, మిగతా ముగ్గురికీ ఈ గళ్ళపిచ్చి అంటించిన పుణ్యాత్ముడు.

మేస్త్రీ పెట్టిన చట్టం ఒకటుంది. జవాబు తట్టినవాడు దాన్ని పైకి అనకూడదు, పిడికిలితో బల్ల గుద్దాలి. తన వల్ల కాదనుకున్నవాడు గ్లాసు బోర్లించాలి. అందరి సంగతీ తేలాకే జవాబు బయటికి రావాలి. ఏళ్ళ తరబడి గుద్దీ గుద్దీ అది వాళ్ళ ఒంట్లోకి దిగిపోయింది. మేస్త్రీ ఒకసారి గడ్డం గీయించుకుంటూ జవాబు తట్టి కుర్చీ చెయ్యి గుద్దితే, కత్తి జారి చెవితమ్మె తెగింది. అక్క బస్సులో పక్కావిడ తొడ మీద గుద్ది నానా తిట్లూ తింది. జవాబు వచ్చిందంటే చెయ్యి పడాల్సిందే, మధ్యలో బుర్రతో పనిలేదు.

ఆ ఆట భాష కూడా కసాయి కొట్టు భాషే. నగరం తల నరికితే గరం. లతని తలకిందులుగా వేలాడదీస్తే తల. ఒకదాని పొట్ట చీల్చు, ఒకదాని తోక కొయ్యి, ఇంకోదాన్ని ముక్కలు చేసి కలగలుపు. పొద్దస్తమానం ఇవే మాటలు నోట్లో నానుతుంటే చేతులు ఎంతసేపని ఊరుకుంటాయి?

రెండో చట్టం ఇంకా ముఖ్యమైనది. శనివారం పేపరు మేస్త్రీ ఒక్కడే కొనాలి. ఆయన గళ్ళని కత్తిరించి తెచ్చి, టూల్ రూముకి పోతూ దారిలో ప్రెస్సుల దగ్గర ఆగి, ఊరించడానికి ఒక్క ఆధారం గట్టిగా చదువుతాడు. మిగతావి అన్నం గంటలో. అంతకుముందు ఎవరూ పేపరు మొహం చూడకూడదు.

నిఘంటువు చూసేవాడు. తమ్ముడు ఈ గుంపులో చేరనంత కాలం ఆ అవసరం పడలేదు. మొదటి గుద్దు ఎప్పుడూ అతనిదే. ఇంట్లో, బంధువుల్లో, పనిలో ఎక్కడా అతను ముందున్నది లేదు. ఆ బల్ల దగ్గర మాత్రం రాజు. తమ్ముడు వచ్చి, నోరు కూడా సరిగ్గా తిరగని కుర్రతనంతో, ఆ రాజ్యాన్ని నాలుగు వారాల్లో లాగేసుకున్నాడు. అప్పట్నుంచి నిఘంటువు శనివారం తెల్లారగానే బస్టాండు దాకా నడిచి పేపరు కొనుక్కొచ్చి, వంటింట్లో కూచుని తట్టినన్ని ముందే విప్పుకునేవాడు. అక్కకి తెలుసు. మొగుడి పరువు తన పరువే కదా అని కడుపులో దాచుకుంది. మనిషి మీద జాలి కూడా ఉంది. ఆ జాలే కొంప ముంచింది.

పన్ను ఊడిన మరుసటి వారం సంగతి ఇది. శనివారం తెల్లారి అక్క ఉల్లిపాయలు తరుగుతోంది. వంటింటి బల్ల దభీమంది. ఉప్పు డబ్బా దొర్లిపోయింది.

"కరవాలం!" అన్నాడు నిఘంటువు, పేపరు మడుస్తూ. "చేతికి తోక మొలిస్తే తలలు తెగిపడతాయట. కరం, వాలం. అబ్బ, ఏం కూర్చాడే. ఇవాళ నీ తమ్ముడు గ్లాసు బోర్లించకపోతే చూడు."

"ఉప్పు ఎత్తండి ముందు," అంది అక్క.

కార్ఖానాకి వెళ్ళారు. ప్రెస్సులు మొదలయ్యాయి. అక్క తన బల్ల దగ్గర మూతలు చూస్తోంది. ఆమెకీ ఆ ప్రెస్‌కీ మధ్య అడ్డు లేదు. మేస్త్రీ కాగితం పట్టుకుని వచ్చి, ప్రెస్సుల మోతకి పైగా గొంతు చించుకుని చదివాడు.

"చేతికి తోక మొలిస్తే తలలు తెగిపడతాయి! నాలుగక్షరాలు!"

అక్కకి కొంచెం సిగ్గేసింది. ఇప్పుడు ఈయన దొంగ గుద్దు గుద్దుతాడు, నేను చూడనట్టు ఉండాలి అనుకుంది. కానీ మేస్త్రీ నోట్లో చివరి మాట ఉండగానే తమ్ముడి ఎడమ పిడికిలి ప్రెస్ చట్రం మీద పడింది. తట్టేసింది వాడికి. వాడు బావ వైపు తిరిగి, పన్ను ఊడిన నోటితో పకపకా నవ్వాడు. వాడి కుడి చెయ్యి డై లోపల, మూత అంచు మీద ఉంది.

నిఘంటువు పిడికిలి పచ్చ బటన్ మీద పడింది.

ప్రెస్ మామూలుగా దిగింది. అది రేకు అనుకుందో మాంసం అనుకుందో, దిగి, మామూలుగానే పైకి లేచింది. తమ్ముడు ముందు అరవలేదు. తన చెయ్యి ఉండాల్సిన చోట గుండ్రంగా అచ్చయిన మూత వంక, దానికి అంటుకున్న దాని వంక చూశాడు. తర్వాత అరిచిన అరుపుకి పక్క షెడ్డులో మిషన్లు కూడా ఆగిపోయాయి. అక్క చేతిలోని మూతలు జారి కాళ్ళ మీద పడ్డాయి. ఆమె పరిగెత్తి వెళ్ళి తమ్ముడి మోచెయ్యిని రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. నెత్తురు ఆమె మొహం మీదికి, నోట్లోకి చిమ్మింది. ఆటోలో అలాగే నొక్కి పట్టుకుని కూచుంది. ఆసుపత్రిలో ఆమె వేళ్ళని నర్సు ఒక్కొక్కటిగా ఊడదీయాల్సి వచ్చింది.

మణికట్టు దాకా తీసేశారు.

వరండాలో నిఘంటువు గోడకేసి తల బాదుకుని ఏడ్చాడు. "జవాబు తట్టిందే. చెయ్యి ఆగలేదే. నీకు తెలుసు కదే మన చేతుల సంగతి," అన్నాడు. మేస్త్రీ అతని భుజం పట్టుకుని, "ఎవరికైనా అంతేరా, నీ చోట నేనున్నా గుద్దేవాణ్ణే," అని తనూ ఏడ్చాడు.

అక్క ఏడవలేదు. ఆమెకి వంటింట్లో దొర్లిన ఉప్పు డబ్బా కనబడుతోంది. పొద్దున్నే తట్టిన జవాబు మళ్ళీ కొత్తగా ఎలా తడుతుంది?

ఇంటికి వచ్చాక అడిగింది. "అది మీకు పొద్దునే తెలుసు కదా. మరి చెయ్యెందుకు పడింది?"

నిఘంటువు ఒక్క ఉదుటున లేచి ఆమె గొంతు పట్టుకుని గోడకి నొక్కాడు.

"ఒక్క క్షణం. ఒక్కటంటే ఒక్క క్షణం. నాకు ముందే తెలిసిన జవాబు కూడా వాడే ముందు గుద్దాడు. నా మొహం చూసి నవ్వాడు. వాడి చెయ్యి అక్కడ ఉందని తెలుసు. తెలిసే గుద్దాను. చాలా?"

అక్క అతని చెంప మీద గోళ్ళు దించింది. చర్మం లేచొచ్చింది. అతను వదల్లేదు.

"చెప్పు. వెళ్ళి నీ తమ్ముడికి చెప్పు. వాడు నన్ను చంపుతాడు. చంపి జైలుకి పోతాడు. తర్వాత నీకెవరు మిగులుతారో చూసుకో."

గొంతు వదిలేసి, మంచం మీద కూచుని, మొహం కప్పుకున్నాడు. అక్క నేల మీదికి జారి దగ్గింది. అతను చెప్పింది అబద్ధం కాదు. తమ్ముడి సంగతి ఆమెకు తెలుసు. చిన్నప్పుడు తన జడ లాగినవాణ్ణి వాడు రాయితో కొట్టి చెవుడు తెప్పించాడు. నిజం చెబితే ఇద్దరూ పోతారు, చెప్పకపోతే ఇద్దరూ ఉంటారు. ఆమెకు ఆ పూట అంతకంటే పెద్ద న్యాయం కనబడలేదు. నోరు మూసుకుంది. ఆమె స్థానంలో ఉంటే మీరేం చేసేవారో కొంచెం ఆలోచించి గానీ తప్పు పట్టకండి.

కుట్లు విప్పించుకున్న రోజే తమ్ముడు ఇనుప రాడ్డుతో వచ్చాడు. తలుపు తీయమని అడగలేదు. గడియ ఊడేలా తన్నాడు. వంటింటి అలమర మీద మొదటి దెబ్బ, బల్ల మీద రెండోది. మూడోది నిఘంటువు తప్పుకోబట్టి భుజానికి తగిలింది గానీ లేకపోతే తల పగిలేదే. ఎడమ చేతి దెబ్బ కాబట్టి గురి కుదరడంలేదు. ఆ కోపం కూడా కలిసి, వాడు తన మొండి మణికట్టునే గోడకేసి కొట్టుకున్నాడు. గుడ్డ కింద ఎర్రగా ఊరింది.

"కావాలని చేశావు! పన్ను ఊడిన నాటి గొడవ మనసులో పెట్టుకుని చేశావు! చెయ్యి పెట్టు, నీది కూడా పెట్టు!"

వెనకే పరిగెత్తుకొచ్చిన మేస్త్రీ వాణ్ణి నడుం దగ్గర వాటేసుకున్నాడు. "ఒరేయ్, నా మాట వినరా. నువ్వు గుద్దలేదా ఆ ఆధారానికి? నీ చెయ్యి ఆగిందా? నీకు ఆగనిది వాడికెలా ఆగుతుందిరా? నేనూ గుద్దాను, కాగితం చింపుకుని మరీ గుద్దాను. మన ముగ్గురం ఒకేసారి గుద్దాం. వాడి కింద బటన్ ఉంది, నీ కింద లేదు. అంతేగా తేడా?"

తమ్ముడు ఆగాడు. ఆ మాట వాడికి ఎక్కింది. బయటివాడెవడూ ఒప్పుకోని వాదన అది. ఆ బల్ల దగ్గర కూచున్నవాడు కాదనలేడు. రాడ్డు కింద పడింది. వాడు తిరిగి అక్క వంక చూశాడు.

"నువ్వు చూశావు కదా అక్కా. నువ్వు చెప్పు. అంతేనా?"

గదిలో ముగ్గురు మగాళ్ళూ ఆమెనే చూస్తున్నారు. నిఘంటువు చెంప మీద ఆమె గోళ్ళ చారలు ఇంకా మానలేదు.

"అంతేరా," అంది అక్క.

తమ్ముడు బావని కౌగిలించుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "నేను నీ పీక కోద్దామని వచ్చాను బావా. క్షమించు," అన్నాడు. నిఘంటువు వాడి వీపు నిమిరాడు.

తర్వాత అక్క తమ్ముణ్ణి తన ఇంట్లోనే ఉంచుకుంది. అన్నం కలిపి ముద్దలు పెట్టింది, చొక్కా గుండీలు పెట్టింది, కట్టు మార్చింది. లేని వేళ్ళు మండుతున్నాయని వాడు అరిచినప్పుడు ఒళ్ళో తల పెట్టుకుని కూచుంది. వాడు నొప్పి తట్టుకోలేక ఆమె చెయ్యి కొరికితే కొరకనిచ్చింది. పళ్ళ గాట్ల మీద పసుపు రాసుకుంటూ, ఇది నాకు తగ్గ శిక్షేలే అనుకుని తృప్తి పడేది. ఎదురు గదిలో మొగుడు పేపరు చదువుకుంటూ ఉండేవాడు. ఆమె అతనితో మాట్లాడటం మానేసింది. మనసులో మాత్రం రోజూ అతన్ని చంపుతోంది.

యజమాని తమ్ముడికి స్టోరులో కూచునే పని ఇచ్చాడు. శనివారం మళ్ళీ నలుగురూ టూల్ రూములో చేరారు. వాడే పట్టుబట్టాడు, ఇంకేం మిగిలింది నాకు అని. మేస్త్రీ కాగితం పరిచాడు. మొదటి ఆధారం చదవగానే తమ్ముడికి తట్టింది. అలవాటు కొద్దీ కుడి చెయ్యే లేచింది. మొండి మణికట్టు బల్లకి తగిలి, వాడు గావుకేక పెట్టి, వంగిపోయి, దాన్ని పొట్టలో దాచుకున్నాడు.

మేస్త్రీ మొహం తిప్పుకున్నాడు. అక్క లేచి వాడి భుజం పట్టుకుంది. నొప్పి తగ్గాక వాడు నవ్వడానికి ప్రయత్నించాడు.

"తప్పు నాదే బావా," అన్నాడు. "ఆవేళ కూడా ఇంతే. డై లోంచి చెయ్యి తీసి గుద్దొచ్చుగా. నీకన్నా ముందు గుద్దాలని తొందర."

నిఘంటువు నిట్టూర్చి, గ్లాసులో టీ ఒక గుక్క తాగి, పెద్దరికంగా తల ఊపాడు.

"పోనీలేరా, ఇప్పటికైనా తెలుసుకున్నావు. నీ తొందరే నీ చెయ్యి తీసింది."

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇద్దరినీ నిలబెట్టుకోవాలని ఇన్నాళ్ళూ మింగినదంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. మొగుణ్ణి ఏనాడూ అనని మాట అంది.

"నోర్ముయ్‌రా."

తమ్ముడి భుజం మీద చెయ్యి బిగించింది.

"ఆ ఆధారం పొద్దునే ఇంట్లో విప్పాడురా తమ్ముడూ. పేపరు దొంగతనంగా కొనుక్కొచ్చి, నా ముందే బల్ల గుద్దాడు. కరవాలం అని నాకు చెప్పాడు కూడా. కార్ఖానాకి వచ్చేసరికి వాడికి కొత్తగా తట్టడానికి ఏమీ లేదు. నీ చెయ్యి లోపల ఉందని తెలిసే గుద్దాడు. వాడి నోటితో వాడే నాకు చెప్పాడు."

తమ్ముడు నెమ్మదిగా బావ వైపు తిరిగాడు. "నిజమా?"

నిఘంటువుకి అన్ని మాటలు వచ్చు. ఒక్కటీ దొరకలేదు. లేచి తలుపు వైపు జరిగాడు.

తమ్ముడు బల్లని అతని మీదికి తన్నాడు. బల్ల అంచు పొట్టలో దిగి నిఘంటువు ముందుకు తూలాడు. వాడు తలతో అతని ముక్కు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. కింద పడ్డవాడి రొమ్ము మీద కూచుని ఎడమ పిడికిలితో కొట్టాడు, పెదాలు, పళ్ళు, కన్ను, ఏది దొరికితే అది. ఎడమ చెయ్యి అలిసిపోతే మొండి చేత్తో కొట్టాడు. కుట్ల చోటు పగిలింది. ఎవరి నెత్తురు ఏదో తెలియడంలేదు. ప్రతి దెబ్బకీ ఇద్దరూ అరుస్తున్నారు. మేస్త్రీ వాడి చొక్కా పట్టుకుని లాగబోతే మోచేత్తో విసిరికొట్టాడు. ఆయన వెళ్ళి రేకుల మీద పడ్డాడు.

"ఆపవే అమ్మాయ్! చచ్చిపోతాడు!" అని అక్క వంక చూసి అరిచాడు మేస్త్రీ.

అక్క తలుపుకి వీపు ఆన్చి నిలబడింది. బయటనుంచి మనుషులు తోస్తున్నారు. ఆమె తీయలేదు.

తమ్ముడు చెయ్యి చాపి గోడకున్న సుత్తి లాక్కున్నాడు. బావ కుడి చేతిని నేల మీద మోకాలితో తొక్కిపట్టి సుత్తి పైకెత్తాడు. నిఘంటువు వాచిన కంటితో అక్కని చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అడ్డమూ పోలేదు.

సుత్తి గాల్లోనే ఆగింది. తమ్ముడు రొప్పుతున్నాడు. వాడికి ఏదో అడ్డం తగిలింది. ఇన్నేళ్ళూ ఆధారాలు విప్పిన బుర్ర, అంత కోపంలోనూ ఒక ముక్క పక్కన ఇంకో ముక్క పెట్టుకుంది. వాడు తల ఎత్తాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఏమిట్రా?"

"నీకు ఎప్పుడు తెలిసిందక్కా?"

"ఆసుపత్రిలోనే," అంది అక్క.

"నేను రాడ్డు పట్టుకుని వచ్చిన రోజు?"

"తెలుసు."

"వీణ్ణి కౌగిలించుకుని ఏడిచాను."

"నువ్వు చంపేస్తావని భయపడ్డానురా. జైలుకి పోతావని. నాకు మీరిద్దరూ..."

"ముద్దలు పెట్టావు," అన్నాడు తమ్ముడు. "రోజూ నా నోట్లో ముద్దలు పెట్టావు."

వాడు సుత్తిని నేల మీద పెట్టాడు. విసరలేదు, పెట్టాడు. బావ మీంచి లేచాడు. తలుపు దగ్గరికి వస్తే అక్క తప్పుకుంది. బయట పోగైన జనం దారి ఇచ్చారు. అక్క వాడి వెనకాలే పరిగెత్తింది. గేటు దగ్గర వాడు ఆగాల్సి వచ్చింది. పెనుగులాటలో బూటు తాడు ఊడి కాళ్ళకి అడ్డం పడుతోంది. వాడు వంగి ఎడమ చేత్తో లాగుతున్నాడు, ముడి పడటంలేదు. మొండి చేతినుంచి కారే నెత్తురు బూటు మీద పడుతోంది.

అక్క వాడి ముందు మోకాళ్ళ మీద కూచుంది. "ఉండరా, నేను కడతాను," అని తాడు అందుకుంది.

తమ్ముడు నిటారుగా నిలబడ్డాడు. ఆమె తల ఎత్తేదాకా ఆగాడు. ఆమె కళ్ళలోకి సూటిగా చూసి, కాలు వెనక్కి తీసి, మొహం మీద తన్నాడు.

ఆమె వెల్లకిలా పడింది. లేచి కూచునేసరికి వాడు రోడ్డు దాటేశాడు. తాడు వెనక ఈడ్చుకుపోతోంది. వాడు తిరిగి చూడలేదు.

మేస్త్రీ కుంటుకుంటూ వచ్చి ఆమెను లేపాడు. కింది పెదవి చీలి గడ్డం మీదుగా కారుతోంది.

"తన్నాడా వాడు? సొంత అక్కని తన్నాడా?"

"లేదు మేస్త్రీ," అంది అక్క. "తాడు కడుతుంటే కాలు తగిలింది."